బీరువాలోని పాత బట్టతో పిల్లలకు కానుకలు కుట్టే విధానం

బారసాలకో, పుట్టినరోజుకో, సంక్రాంతికి ఊరు వచ్చే మనవలకో చేత్తో ఏదైనా కుట్టి ఇవ్వాలని అనుకున్నప్పుడు చాలామంది ముందుగా ఏం కుట్టాలో నిర్ణయించుకుని, తరువాత దానికి తగిన బట్ట కోసం దుకాణానికి వెళతారు. ఇంట్లో ఉన్న బట్టతోనే కుట్టదలచినవారు ఈ వరుసను తిరగవేయాలి. ముందు బట్టను చూడాలి. అది ఎంత వాడినదో, ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ అరిగిందో తెలుసుకోవాలి. ఏం కుట్టాలన్నది ఆ తరువాత తేల్చుకోవాలి. అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడిన నేత చీర పసిబిడ్డ బొంతకు ఎంత బాగుంటుందో, పరికిణీకి అంత పనికిరాదు. రెండుసార్లు మాత్రమే కట్టి దాచిన పట్టుచీరది సరిగ్గా దీనికి ఎదురు. నేను కుట్టిన వాటిలో చెడిపోయినవన్నీ కుట్టు రాక చెడిపోయినవి కావు, బట్టను సరిగ్గా చూడక చెడిపోయినవి. అందుకే ఈ భాగాన్ని కొంచెం వివరంగా చెబుతాను.

బట్టను చూడడం

మన ఇళ్లలో సాధారణంగా దొరికేవి నేత చీరలు, పంచెలు, తువ్వాళ్లు, దుప్పట్లు, మగవారి చొక్కాలు, బనియన్లు, పేరంటాలలో తాంబూలంతో పాటు వచ్చి బీరువా అడుగున పేరుకుపోయిన రవికె గుడ్డలు. చీరలో అన్ని భాగాలూ ఒకే తీరున అరగవు. కుచ్చిళ్లు వచ్చే చోట, పాదాలకు రాసుకునే కింది అంచు దగ్గర, పిన్ను గుచ్చే భుజం దగ్గర బట్ట ముందుగా పలచబడుతుంది. చీరను పగటిపూట కిటికీకి అడ్డంగా పట్టుకుని మూర మూర చొప్పున జరుపుతూ చూస్తే, వెలుతురు ఎక్కువగా దూరివచ్చే చోట్లు కంటికి తెలుస్తాయి. వాటి చుట్టూ అరిగిన సబ్బు బిళ్లతో గీత గీయండి. ఆ గుర్తు ఉతికితే పోతుంది.

తరువాత లాగి చూడాలి. రెండు చేతుల బొటనవేళ్లను పక్కపక్కన ఆనించి, పడుగు వెంట ఒకసారి, పేక వెంట ఒకసారి గట్టిగా లాగండి. చీరకు పొడవు దిశలో ఉండేది పడుగు, అడ్డంగా ఉండేది పేక. పోగులు విడివడి సన్నని సందులు కనిపించినా, పిగిలే చప్పుడు వినిపించినా, ఆ భాగం ఒంటిమీద వేసుకునే బట్టకు గాని, పైకి కనిపించే పొరకు గాని పనికిరాదు. బొంత లోపలి పొరగా మాత్రం నిశ్చింతగా వాడుకోవచ్చు. పట్టుచీరలతో మరో జాగ్రత్త ఉంది. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంచిన పట్టు ఆ మడత గీత వెంటే పిగులుతుంది. కాబట్టి పట్టుచీరను కోసేటప్పుడు పాత మడతలు ముక్క మధ్యలోకి రాకుండా చూసుకోవాలి.

రవికె గుడ్డల విషయంలో అది నూలా, కాదా అన్నది తెలియడం ముఖ్యం. అంచు నుంచి రెండు పోగులు లాగి, నీళ్లు పోసిన స్టీలు పళ్లెం మీద పట్టుకుని అగ్గిపుల్లతో వెలిగించండి. నూలు పోగు కాగితం కాలిన వాసనతో మండి, వేళ్ల మధ్య పొడిగా నలిగే బూడిద అవుతుంది. పాలియెస్టరు కరిగి ముడుచుకుపోయి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. పాలియెస్టరు కలిసిన గుడ్డ చెమట పీల్చదు కనుక పసిపిల్లల ఒంటికి తగలకూడదు. అటువంటి వాటిని సంచులకు, బొమ్మల బట్టలకు ఉంచుకోండి. నూలు రవికె గుడ్డ కొత్తదైతే ఉతికినప్పుడు కొంత కుదించుకుపోతుంది, పాత చీర ఎప్పుడో కుదించుకుని ఆగిపోయింది. రెండింటినీ అలాగే కలిపి కుడితే మొదటి ఉతుకుకే కొత్తది లాక్కుపోయి, పాతది ముడతలు పడుతుంది. కాబట్టి కొత్త గుడ్డను రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టి, ఆరవేసి, ఇస్త్రీ చేశాకే కోయాలి.

రంగు వదలడం గురించి నాకు నేర్పింది ఒక తెల్లని వెంకటగిరి చీర. మా అమ్మ కట్టి మెత్తబడిన ఆ చీరతో చెల్లెలి కొడుకుకు బొంత కుట్టి, చుట్టూ మెరూన్ రవికె గుడ్డతో పట్టీ వేశాను. పట్టీ బాగా కుదిరింది. మొదటిసారి ఉతికిన రోజున అంచు నుంచి నాలుగు వేళ్ల మేర గులాబీ మరకలు లోపలికి పాకాయి, అవి ఇక పోలేదు. అప్పటినుంచి ముదురు రంగు ఏదైనా సరే, తడిపిన తెల్ల గుడ్డను దాని మీద వేసి వేడి ఇస్త్రీపెట్టెతో నొక్కి చూస్తున్నాను. తెల్ల గుడ్డకు రంగు అంటితే, నీళ్లు తేటగా వచ్చేవరకు విడిగా ఉతుకుతూ ఉండాలి. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలిచిపోతుందని అంటారు గాని, ఒకసారి అద్దకం పూర్తయిన బట్టలో వదిలే రంగును ఉప్పు పట్టి ఆపలేదు. మిగులు రంగు కడుక్కుపోవడమే దారి. ఎన్ని నీళ్లు మార్చినా వదులుతూనే ఉంటే, ఆ గుడ్డను తెల్లని దాని పక్కన కుట్టకండి.

పసిబిడ్డకు బొంత

పాత చీరకు ఇంతకంటే మంచి ఉపయోగం నాకు కనిపించదు. ఐదున్నర మీటర్ల చీర వెడల్పు సుమారు 46 అంగుళాలు ఉంటుంది. మీటరుకొక ముక్క చొప్పున తీస్తే 39 అంగుళాల పొడవు, 46 అంగుళాల వెడల్పు గల ముక్కలు ఐదు వస్తాయి, అర మీటరు మిగులుతుంది. ముక్కలను కత్తెరతో కోయడం కంటే, అంచు దగ్గర చిన్న గాటు పెట్టి చింపడం మేలు. సాదా నేత నూలు బట్ట పేక వెంట తిన్నగా చిరుగుతుంది కనుక గీత గీయవలసిన పని లేదు. జరీ అంచు ఉంటే అది బిడ్డ చర్మానికి గీరుకుంటుంది కాబట్టి ముందుగానే తీసి పక్కన పెట్టండి. చీరకు వేసిన ఫాల్‌ను కూడా విప్పి దాచుకోండి, దానితో పని ఉంది.

ఐదు ముక్కలలో గట్టిగా, అందంగా ఉన్న రెండింటిని పైకి, కిందికి ఉంచి, అరిగిన మూడింటిని లోపల వేయాలి. బట్ట మరీ పలచని మల్లు రకమైతే ఐదు పొరలు బాగుంటాయి. పాత దుప్పటిలాంటి మందపు బట్ట అయితే మూడు చాలు, అంతకు మించితే సూది దిగదు. ఊడ్చిన నేల మీద చాప పరిచి, అడుగు పొరను మంచి వైపు కిందికి వచ్చేటట్లు వేసి, నాలుగు మూలలా చెంబులో పుస్తకాలో బరువు పెట్టండి. దాని మీద నీళ్లు కొద్దిగా చిలకరించి, అరచేత్తో మధ్య నుంచి బయటికి నిమిరితే ముడతలు సర్దుకుంటాయి. ఒక్కొక్క పొరనూ ఇదే విధంగా వేసి, చివరి పొరను మంచి వైపు పైకి ఉంచి, తడి పూర్తిగా ఆరిన తరువాత జానెడు జానెడు దూరంలో పొడుగాటి కచ్చా కుట్లు (పొరలు కదలకుండా తాత్కాలికంగా వేసి, తరువాత విప్పేసే కుట్లు) వేయాలి. ఈ కచ్చా కుట్లు నడిమధ్య నుంచి మొదలై అంచుల వైపు వెళ్లాలి. అంచుల నుంచి లోపలికి వస్తే మిగులు బట్ట అంతా మధ్యలో పోగై బుడిపెలా నిలబడుతుంది, దాన్ని ఆ తరువాత ఎవరూ సర్దలేరు.

అసలు కుట్టు మామూలు పరుగు కుట్టే. దారం మూరన్నరకు మించి తీసుకోకండి. పొడవైన దారం ఐదు పొరల గుండా పదే పదే దూరి, సగంలోనే పీచు లేచి తెగుతుంది. రెండు పోగులు కలిపి, ముడిని పై పొర కిందికి లాగి దాచి, పావు అంగుళానికి ఒక కుట్టు పడేటట్లు, వరుసకు వరుసకు అంగుళంన్నర ఎడం ఉంచి కుట్టండి. దారాన్ని బిగించి లాగకూడదు; వరుస పూర్తయ్యాక దాని వెంట బొటనవేలితో నిమిరితే బట్ట చదునుగా పరుచుకోవాలి. 46 అంగుళాల బొంతకు సుమారు 30 వరుసలు పడతాయి. రోజుకు రెండు వరుసల చొప్పున పదిహేను రోజుల పని కనుక, బారసాలకు ఇవ్వదలచినవారు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి. ఇది మిషను మీద ఒక పూటలో అయిపోయే పనే. అయితే మిషను కుట్టు బొంతను బిగుసుకుపోయేలా చేస్తుంది. చేతి కుట్టుతో వచ్చే ఆ చిన్న చిన్న ఎగుడుదిగుళ్ల మెత్తదనం కావాలంటే సూదే పట్టాలి. చివరగా విప్పి ఉంచిన నూలు ఫాల్‌ను నిలువునా రెండు పట్టీలుగా కోసి, వాటిని కొస కొస కలిపి కుట్టి, మడిచి బొంత అంచుల చుట్టూ తొడిగి, రెండు వైపులా హెమ్మింగ్ చేస్తే విడిగా పట్టీ గుడ్డ కోయవలసిన అవసరం ఉండదు.

ఇచ్చేటప్పుడు ఒక మాట తప్పక చెప్పండి. ఏడాది నిండని బిడ్డకు ఈ బొంత నేల మీద పరిచి, పెద్దలు ఎదుట ఉండగా ఆడించడానికే. పడుకోబెట్టినప్పుడు బిడ్డ చుట్టూ వదులుగా ఉండే బొంతలు, దిండ్లు, బొమ్మలు ఉంచరాదని పిల్లల వైద్యులు చెబుతారు, అవి ముఖం మీదికి వస్తే పసివాళ్లు తీసుకోలేరు. ఈ కారణంగానే, తల గుండ్రంగా వస్తుందని మన ఇళ్లలో ఎంతో ప్రేమతో కుట్టే ఆవాల దిండును నేను కుట్టడం మానేశాను. కుట్టు ఊడితే ఆవాలు బిడ్డ ముక్కులోకో నోట్లోకో పోయే ప్రమాదం కూడా ఉంది.

అమ్మ పట్టుచీరతో పరికిణీ

ఐదేళ్ల పాపకు నడుము 21 అంగుళాలు, నడుము నుంచి చీలమండ వరకు 23 అంగుళాలు ఉందనుకుందాం. నడుముకు ఒక అంగుళం వదులు కలిపితే 22. కుచ్చిళ్లకు దీనికి మూడింతల బట్ట, అంటే 66 అంగుళాలు, జోడింపుకు మరో అంగుళం, మొత్తం 67 అంగుళాలు, అంటే సుమారు మీటరూ 70 సెంటీమీటర్లు కావాలి. పొడవులో 23 అంగుళాలకు, పాప ఎదిగేకొద్దీ విప్పుకోవడానికి లోపలికి వేసే రెండు మడతలకు నాలుగు అంగుళాలు, పైన పట్టీకి రెండు అంగుళాలు కలిపితే 29 అవుతుంది. చీర వెడల్పు 46 అంగుళాలైతే కింది అంచు నుంచి 29 పరికిణీకి పోగా, పై అంచుతో సహా 17 అంగుళాల ముక్క మిగులుతుంది. అది జాకెట్టుకూ, చేతులకు అంచు వేయడానికీ సరిపోతుంది. చీర అంచే పరికిణీ అంచు కావడం వల్ల కింద మడత కుట్టు అవసరం లేదు.

ముందుగా ఎదుగుదల మడతలు వేయండి. ఒక్కొక్కటి అంగుళం లోతుగా లోపలి వైపుకు మడిచి, పెద్ద పెద్ద కుట్లతో కుట్టాలి, అలా కుడితే వచ్చే ఏడాది దారం లాగగానే వస్తుంది. మడత విప్పినప్పుడు పాత గీత కొంచెం కనిపిస్తుంది కనుక, మొదటి మడతను అంచు, ఒడలు కలిసే గీతకు ఆనించి పెడితే అది అందులో కలిసిపోతుంది. తరువాత రెండు పక్కలను కలిపి కుట్టి, కుచ్చిళ్లు పెట్టాలి: పైకి ఒక అంగుళం కనిపిస్తే లోపలికి రెండు అంగుళాలు పోవాలి. మొత్తం 22 కుచ్చిళ్లు సరిగ్గా 22 అంగుళాలకు వస్తాయి. లెక్క తప్పితే విప్పి మళ్లీ పెట్టండి గాని చివరి రెండు కుచ్చిళ్లను ఇరికించి సరిపెట్టకండి. అది నడుము దగ్గర ఎత్తుగా కనిపించి పాపకు గుచ్చుకుంటుంది.

ఈ వయసు పిల్లలకు నాడాతో పరికిణీ నడుము మీద నిలవదు, ఆడుకుంటూ జారిపోతుంది. లైనింగ్ గుడ్డతో చేతులు లేని బాడీ కుట్టి, దానికి పరికిణీని జోడించి, పైన జాకెట్టు వేస్తే పాప హాయిగా పరుగెత్తగలదు. జరీ అంచు వెనక వదులుగా తేలుతూ ఉండే పోగులు పిల్లల కాలి పట్టీలకు తగులుకుంటాయి, కాబట్టి అంచు మేర లోపల పలచని నూలు గుడ్డ వేయడం మరవకండి. కత్తెర పెట్టే ముందు ఆ చీర ఎవరిదో వారిని అడగండి. కట్టని చీర అయినా, దానితో వారికి ఏ అనుబంధం ఉందో మనకు తెలియదు.

నాన్న చొక్కాను కూడా ఇదే తీరున ఉపయోగించుకోవచ్చు. మెడపట్టీ, చేతుల మొనలు అరిగినా వీపు భాగం గట్టిగానే ఉంటుంది. ముందు భాగంలో గుండీల పట్టీని కదపకుండా, దాన్నే నడిమధ్యకు ఉంచి చిన్న చొక్కా కత్తిరిస్తే కాజాలు కుట్టే పని మొత్తం తప్పుతుంది. గుండీలు మాత్రం ఒకసారి విప్పి కొత్త దారంతో బిగించండి.

గుడ్డ బొమ్మ

పన్నెండు అంగుళాల బొమ్మ చేతికి ఇముడుతుంది, చంకన పెట్టుకుని తిరగడానికీ వీలుగా ఉంటుంది. తల, మొండెం, కాళ్లు, చేతులు అన్నీ కలిసి ఒకే ఆకారంగా కాగితం మీద గీయండి. మెడను రెండు అంగుళాలకు తక్కువ కాకుండా ఉంచండి, సన్నని మెడ నాలుగు రోజులకే వాలిపోతుంది. గుడ్డను మంచి వైపు లోపలికి మడిచి, కాగితం పెట్టి చుట్టూ గీత గీసి, ముందు ఆ గీత మీదే చిన్న కుట్లతో కుట్టి, ఆ తరువాతే పావు అంగుళం వదిలి కత్తిరించాలి. కత్తిరించి కుట్టబోతే చిన్న ముక్కలు చేతిలో సాగి ఆకారం మారిపోతుంది. తిరగవేయడానికి పక్క డొక్క దగ్గర రెండున్నర అంగుళాలు కుట్టకుండా వదలండి. మెడ, చంకల దగ్గర కుట్టు దాకా వెళ్లకుండా చిన్న చిన్న గాట్లు పెడితే, తిరగవేసినప్పుడు మలుపులు సాఫీగా వస్తాయి. చేతులు, కాళ్ల కొసలను పెన్సిలు మొద్దు వైపుతో నెమ్మదిగా బయటికి తోయండి.

లోపల ఏం నింపాలన్నది బొమ్మకు ప్రాణం. కత్తిరింపులలో మిగిలిన పీలికలు నింపితే బొమ్మ బరువెక్కి గడ్డలు గడ్డలుగా తగులుతుంది. బూరుగు దూది తేలికే గాని ఉతికితే ఉండ కడుతుంది, సన్నని నేతలోంచి బయటికి కూడా వస్తుంది. నా అనుభవంలో అన్నింటికంటే మంచిది పాత బనియన్లను అర అంగుళం రిబ్బన్లుగా కోసి నింపడం. అవి సాగుతాయి, ఉతికినా ఆరుతాయి, ఆకారం చెడదు. గుప్పెడు గుప్పెడుగా కాక, ఒక్కొక్క రిబ్బనుగా, ముందు చేతులకు, కాళ్లకు, తరువాత మెడకు గట్టిగా, చివరగా పొట్టకు వదులుగా నింపండి. వదిలిన సందు అంచులను లోపలికి మడిచి, దారం పైకి కనిపించకుండా దగ్గర దగ్గరగా రెండు వరుసలు కుట్టాలి.

కళ్లకు గుండీలు, పూసలు పెట్టవద్దు. మన దేశపు బొమ్మల భద్రతా ప్రమాణం ఐఎస్ 9873 ప్రకారం మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలలో చిన్న భాగాలను పరీక్షించే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, అంటే సుమారు అంగుళంపావు. ఇంట్లో ఉన్న గుండీలు దాదాపు అన్నీ అంతకంటే చిన్నవే, అవి ఊడితే గొంతులో ఇరుక్కుంటాయి. నల్ల దారంతో గొలుసు కుట్టు చుట్టలుగా వేస్తే చక్కని కళ్లు వస్తాయి, ఎర్ర దారంతో కాడ కుట్టు వేస్తే నవ్వే పెదవి వస్తుంది. జుట్టుకు వేలాడే పొడవాటి దారాలు కాకుండా, నల్ల గుడ్డను తల ఆకారంలో కోసి కుట్టేయండి. పాప పరికిణీలో మిగిలిన ముక్కతో బొమ్మకు కూడా చిన్న పరికిణీ కుడితే, ఇద్దరివీ ఒకే అంచు అని పిల్లలు ఇట్టే గుర్తుపడతారు.

ఆరేళ్లు దాటిన పిల్లలకు

అష్టాచెమ్మా ఆడే గుడ్డ వీరికి మంచి కానుక. పాలియెస్టరు రవికె గుడ్డలు దీనికి బాగా పనికివస్తాయి. పదహారు అంగుళాల చదరపు ముక్కలు రెండు తీసుకుని, మూడు వైపులా అర అంగుళం వదిలి కుట్టి, తిరగవేసి, నాలుగో వైపు మూసివేయండి. మిగిలిన 15 అంగుళాల మీద మూడేసి అంగుళాలకు గీతలు గీసి పరుగు కుట్టు వేస్తే ఐదు వరుసలలో 25 గళ్లు వస్తాయి. నాలుగు వైపులా మధ్య గడిలో ఒకటి, నడిమి గడిలో ఒకటి, మొత్తం ఐదు గళ్లలో అడ్డగీతల గుర్తు వేరే రంగు దారంతో కుట్టాలి. అర మీటరు మిగిలిన చీర ముక్కతో నాడా సంచి కుట్టి, అందులో నాలుగు గవ్వలు, ఒక్కొక్కరికి నాలుగు చొప్పున నలుగురికి పదహారు కాయలు వేసి ఇవ్వండి. రెండు రకాల గింజలు, రెండు రంగుల గుండీలు అయితే నలుగురివీ తేలికగా గుర్తుపట్టవచ్చు. ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లెలో ఉంటే సంచిని వారికి అందని చోట ఉంచమని చెప్పండి.

ఏది కుట్టినా మొదలుపెట్టే ముందు గుండుసూదులను లెక్కపెట్టి డబ్బాలో వేసుకోండి, పూర్తయ్యాక మళ్లీ లెక్కపెట్టండి. ఒకటి తక్కువైతే అది దొరికేదాకా కానుకను ఇవ్వకూడదు. బొంత అయితే దాని మీద అరచేత్తో అంగుళం అంగుళం నొక్కి చూడాలి, బొమ్మ అయితే గట్టిగా పిండి చూడాలి. తరువాత ఒకసారి ఉతికి, ఎండలో ఆరవేయండి. రంగు వదిలినా, కుట్టు జారినా మన ఇంట్లోనే తెలిసిపోతుంది, సరిచేసుకునే సమయం ఉంటుంది. మడిచి ఇచ్చేటప్పుడు అదే బట్టలోని జానెడు ముక్కను, అదే దారం కొంత చుట్టి సూదితో సహా చిన్న కాగితపు పొట్లంలో పెట్టి, పిల్ల చేతికి కాకుండా తల్లి చేతికి ఇవ్వండి.